వీధి జంతువులకు చిన్న ఆశ్రయం, దానికి పెద్ద క్లినిక్: ఎలా మొదలుపెట్టాలి, ఎలా నిలబెట్టాలి

షెల్టర్ పెట్టాలనుకునేవాళ్లు సాధారణంగా ముందు స్థలం వెతుకుతారు. ఊరి చివర ఎవరో దాత ఇచ్చిన అరెకరం, చుట్టూ కంచె, ఒక బోరు, రేకుల షెడ్డు. ప్రారంభోత్సవం జరిగిన మర్నాడే గేటు ముందు అట్టపెట్టెల్లో కుక్కపిల్లలు ప్రత్యక్షమవుతాయి. ఏడాది తిరిగేసరికి గదికి పది కుక్కలు, కిరాణా కొట్లో బియ్యం బాకీ, పార్వో అనే ప్రాణాంతక వైరస్ సోకితే వారంలో ఖాళీ అయ్యే పిల్లల గది. చంపబోమని బోర్డు రాసుకున్న చోట రద్దీ వల్లే జంతువులు చచ్చిపోవడం ఈ రంగంలో అరుదేమీ కాదు. అందుకని స్థలం సంగతి కాసేపు పక్కన పెట్టి లెక్కతో మొదలుపెడదాం.

లెక్క

రోజుకు సగటున ఎన్ని జంతువులు లోపలికి వస్తాయో, ఒక్కొక్కటి ఎన్ని రోజులు ఉంటుందో చూడండి. ఆ రెంటినీ గుణిస్తే మీకు కావలసిన గదుల సంఖ్య వస్తుంది. రోజుకు ఒకటి వచ్చి సగటున 20 రోజులు ఉంటే 20 గదులు చాలు. అవే జంతువులు 60 రోజులు ఉండిపోతే 60 కావాలి. వచ్చేవి ఒక్కటీ పెరగలేదు, వెళ్లడం ఆలస్యమైందంతే. గదులు చాలడం లేదని మీ కమిటీలో ఎవరైనా అన్నప్పుడు మేస్త్రీని పిలవకండి. ఎక్కువ రోజులుగా ఉన్న పది జంతువుల పేర్లు రాసి, ఒక్కొక్కటి ఎందుకు ఆగిపోయిందో అడగండి. కుట్లు విప్పేవాళ్లు లేక ఒకటి, ఫోటో తీసి ప్రకటన పెట్టక ఇంకొకటి, ఎక్కడ పట్టుకొచ్చారో రాసుకోక మరొకటి ఆగి ఉంటాయి.

మనుషుల లెక్క కూడా ఇలాంటిదే. శుభ్రతకు, తిండికి కలిపి ఒక్కో జంతువుకు రోజుకు కనీసం 15 నిమిషాలు కావాలన్నది షెల్టర్ నిర్వహణలో చాలాకాలంగా వాడుతున్న కొలత. 40 జంతువులంటే పది గంటల పని. మందులు, కట్లు, ఫోన్లు, వంట ఇందులో లేవు. ఇద్దరు పనివాళ్లతో వంద కుక్కల్ని చూసుకుంటున్నామని ఎవరైనా గర్వంగా చెబితే, అక్కడ ఏదో ఒకటి జరగడం లేదని అర్థం.

ఈ రెండు లెక్కలూ చేశాక తేలేది ఒకటే: షెల్టర్ చిన్నదిగా ఉండాలి, క్లినిక్ పెద్దదిగా ఉండాలి. షెల్టర్‌లో ఒక కుక్క నెలరోజులపాటు ఒక చోటును ఆక్రమిస్తుంది. క్లినిక్‌లో అదే బల్ల మీద ఒక్క పూటలో ఎన్నో జంతువులు వైద్యం చేయించుకుని ఎక్కడివక్కడికి వెళ్లిపోతాయి. మీ దగ్గర పది రూపాయలుంటే ఏడు క్లినిక్ మీద పెట్టండి.

ఏ మాట మీద నిలబడాలి

అమెరికాలో నో-కిల్ ఉద్యమానికి 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కుదిరిన ఒప్పందం ఒక మలుపు. ఆరోగ్యంగా ఉండి ఇంటికి ఇవ్వదగిన కుక్కనూ పిల్లినీ చంపబోమని అక్కడి జంతు సంక్షేమ సంఘం, నగర యంత్రాంగం కలిసి మాట ఇచ్చుకున్నాయి. లోపలికి వచ్చినవాటిలో నూటికి తొంభై ప్రాణాలతో బయటికి వెళితే ఆ పేరుకు అర్హత ఉన్నట్టేనని అక్కడ తర్వాత ఒక ప్రమాణం వాడుకలోకి వచ్చింది. మిగిలిన పది, బతికించలేనంత జబ్బో గాయమో ఉన్నవాటి కోసం వదిలిన జాగా.

మన దగ్గర వీధికుక్క విషయంలో ఈ మాటను చట్టమే చెబుతోంది. 2001 నాటి జంతు జనన నియంత్రణ నియమాల స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. వాటి ప్రకారం వీధికుక్కను పట్టి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వు కూడా ఈ పద్ధతినే నిలబెట్టింది. రేబిస్ ఉన్న లేదా అనుమానం ఉన్న కుక్కలకు, మనుషుల మీద పడేవాటికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. అదే ఏడాది నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కల్ని తరలించి షెల్టర్లలో ఉంచాలని, తిరిగి అక్కడ వదలవద్దని ఆదేశించింది. కాబట్టి మునిసిపాలిటీ మీ తలుపు తడుతుంది. మీకు ఎన్ని గదులున్నాయో అంతవరకే ఒప్పుకోండి, ఆ సంఖ్యను కాగితం మీద రాయించుకోండి.

కాగితాలు

ఇది విసుగు పుట్టించే భాగం, త్వరగా కానిచ్చేద్దాం. సొసైటీగానో ట్రస్టుగానో నమోదు కావాలి. వీధికుక్కల ఆపరేషన్ల కార్యక్రమం చేపట్టాలంటే భారత జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు తప్పనిసరి. క్లినిక్‌లో వైద్యం చేసేది పశువైద్య మండలిలో నమోదైన డాక్టరే కావాలి, 1984 నాటి చట్టం ఇందులో సందేహానికి తావివ్వదు. సూది వేయడం బాగా తెలిసిన కాంపౌండరు ఎంత నేర్పరి అయినా డాక్టరు పర్యవేక్షణలోనే పని చేయాలి. సూదులు, కోసి తీసిన అవయవాలు, రక్తపు దూది 2016 జీవవైద్య వ్యర్థాల నియమాల కిందికి వస్తాయి, అవి పశువైద్యశాలలకూ వర్తిస్తాయి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకుని, వ్యర్థాలు తీసుకెళ్లే సంస్థతో ఒప్పందం చేసుకోండి. కెటమిన్ వంటి మత్తుమందు ఉంటే తాళం, రిజిస్టరు, సంతకం మూడూ ఉండాలి.

ఇవన్నీ చేసేలోగా ఇప్పటికే నడుస్తున్న షెల్టర్‌కు వెళ్లి కొన్నాళ్లు చీపురు పట్టండి. హైదరాబాద్‌లో అమల అక్కినేని 1992లో స్థాపించిన బ్లూ క్రాస్ ఉంది, విశాఖపట్నంలో 1996 నుంచి వి.ఎస్.పి.సి.ఎ. అనే జంతు రక్షణ సంఘం ఉంది. చెన్నైలోని బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా 1964 నుంచే వీధికుక్కల సంతాన నియంత్రణ చేస్తోంది. చూసి రావడం వేరు, పని చేసి రావడం వేరు.

కట్టడం

నాలుగు భాగాలు విడివిడిగా ఉండాలి: కొత్తగా వచ్చినవాటికి, ఆరోగ్యంగా ఉన్నవాటికి, అంటువ్యాధి ఉన్నవాటికి, పిల్లులకు. పిల్లుల గదికి కుక్కల అరుపు వినపడకూడదు, ప్రతి బోనులో దాక్కోవడానికి ఒక అట్టపెట్టె ఉండాలి. దాక్కునే చోటు లేని పిల్లి తిండి మానేస్తుంది. కుక్కల గదిని మధ్యలో కిందికి దించే తలుపుతో రెండుగా చేయండి. ఒకవైపు కడుగుతున్నప్పుడు కుక్క రెండోవైపు ఉంటుంది, ఎవరూ కుక్కను గొలుసుతో లాగనక్కర్లేదు. గేటుకు లోపల ఇంకో గేటు ఉండాలి.

మన ఎండలకు రేకుల షెడ్డు పొయ్యి లాంటిది. కప్పు ఎత్తుగా వేసి, పైన సున్నం కొట్టి, మే నెలలో తడిపిన గోనెపట్టాలు వేలాడదీయాలి. నేల కాలువ వైపు వాలి ఉండాలి, లేకపోతే కడిగిన నీళ్లు పక్కగదికి రోగాన్ని మోసుకెళతాయి.

గేటు దగ్గర

మంచి షెల్టర్ గేటు దగ్గరే సగం పని పూర్తి చేస్తుంది. ఫోన్ ఎత్తే మనిషికి నాలుగు ప్రశ్నలు నేర్పండి: జంతువు ఎక్కడుంది, నిలబడగలుగుతోందా, రక్తం కారుతోందా, మీరు కాసేపు దాని దగ్గర ఉండగలరా? చివరి ప్రశ్నకు అవునంటే మిగతాదంతా సులువు. వీధిలో తిరుగుతూ తింటున్న కుంటి కుక్కను షెల్టర్‌లోకి తేవాల్సిన పని తరచుగా ఉండదు. అన్నం పెట్టే ఇంటివాళ్లు మాత్ర కలిపి పెడితే అక్కడే నయమవుతుంది.

తల్లి దగ్గరున్న పిల్లల్ని తీయకండి. వానకో బండ్లకో భయపడి దయగలవాళ్లు తెచ్చేస్తారు. కానీ నెల నిండని పిల్లకు షెల్టర్‌కంటే రోడ్డు పక్క తల్లి కడుపే భద్రం.

పెంపుడు జంతువును వదిలించుకోవడానికి వచ్చినవాళ్లను కోప్పడకుండా కారణం అడగండి. గజ్జి వాసన, ఇల్లంతా పాకుతున్న గోమార్లు, ఇంటి యజమాని గొడవ, పాప పుట్టింది డాక్టరు వద్దన్నారు. మొదటి రెంటికీ మీ క్లినిక్‌లో కొద్ది ఖర్చుతో పరిష్కారం ఉంది. నెలరోజుల మందు ఉచితంగా ఇచ్చి పంపినా, ఆ కుక్కను లోపలికి తీసుకోవడంకంటే మీకు చవకే.

మొదటి గంట

లోపలికి వచ్చిన ప్రతి జంతువుకూ అదే గంటలో జరగాల్సినవి ఉన్నాయి. ఫోటో, బరువు, మెడకు నంబరు బిళ్ల, ఎక్కడ దొరికిందో కచ్చితమైన గుర్తు. "బస్టాండ్ దగ్గర" అని రాస్తే పనికిరాదు. "బస్టాండ్ వెనక సోడా బండి పక్క సందు, మూడో ఇల్లు, అన్నం పెట్టే ఆవిడ ఫోను" అని రాయాలి. తప్పు సందులో వదిలిన కుక్క అక్కడి కుక్కల చేతిలో చస్తుంది, లేదా ఇల్లు వెతుక్కుంటూ బండి కింద పడుతుంది.

తర్వాత టీకా. కుక్కల ప్రాణాంతక అంటువ్యాధులైన పార్వో, డిస్టెంపర్‌లకు కలిపి ఇచ్చే టీకాను గేటు దగ్గరే వేయాలి, మర్నాటికి వాయిదా వేయకూడదు. షెల్టర్‌లో ఉండే పిల్లలకు నాలుగైదు వారాల వయసు నుంచి మొదలుపెట్టి రెండు మూడు వారాలకొకసారి, నాలుగు నెలలు దాటేదాకా వేయాలి. రేబిస్ టీకా మూడు నెలల వయసులో. నులిపురుగుల మందు, గోమార్ల మందు అదే రోజు. ఆపైన రెండు వారాలు వేరుగా ఉంచాలి.

ఇక ఫినాయిల్ సంగతి. మన షెల్టర్లన్నిటా తెల్లగా కలిపిన ఫినాయిల్ వాసన వస్తుంది, వాసన వస్తే శుభ్రమైనట్టు లెక్క. పార్వో వైరస్‌కు ఫినాయిల్ లెక్కలోది కాదు. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి, నీడలో ఏడాదిదాకా బతికి ఉంటుంది. పైగా ఫినాల్ కలిసిన ద్రావణాలు పిల్లులకు విషం, అవి పాదాలు నాకి లోపలికి తీసుకుంటాయి. దీనికి మందు బ్లీచ్. ముందు మలమూత్రాలు తీసి సబ్బునీటితో రుద్దాలి, ఎందుకంటే మురికి మీద బ్లీచ్ పని చేయదు. తర్వాత ఒక పాలు ఇంట్లో వాడే ద్రవ బ్లీచ్‌కు ముప్ఫై పాళ్లు నీళ్లు కలిపి, నేల పది నిమిషాలు తడిగా ఉండేలా పోసి, కడిగేయాలి. కలిపిన నీళ్లు మర్నాటికి పనికిరావు. పార్వో వచ్చిన మట్టినేలను మాత్రం బ్లీచ్ కూడా బాగు చేయలేదు, కొత్త పిల్లల్ని అక్కడ వదలకండి.

కడిగే వరసే సగం మందు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల గది మొదట, పెద్ద కుక్కలు తర్వాత, జబ్బు గది అన్నిటికంటే చివర. ఆ గదికి చీపురు, బకెట్, చెప్పులు వేరే రంగులో ఉంటే రాత చదవలేని పనివాళ్లు కూడా పొరపాటు పడరు.

క్లినిక్

ధరల పట్టికను తలుపు మీద అంటించండి. చౌక వైద్యం అంటే అన్నీ ఉచితం అని కాదు. ఉచితమంటే కొందరు మందు మధ్యలో ఆపేస్తారు, కొందరు మొహమాటపడి రారు. మూడు ధరలు పెట్టుకోండి: ఖరీదైన జాతి కుక్కను తెచ్చినవాళ్లకు బయటి ధర, మామూలు ఇళ్లవాళ్లకు మందుల ఖర్చు, వీధి జంతువును మోసుకొచ్చిన వాళ్లకు తోచినంత. ఆదాయ ధ్రువపత్రం అడగడంలాంటివి వద్దు. అడగకుండానే ఎక్కువ ఇచ్చేవాళ్లు ఇస్తారు, అబద్ధమాడేవాళ్లు కాగితం ఉన్నా ఆడతారు.

డాక్టరుకు రెండు చికిత్సలు చెప్పే అలవాటు ఉండాలి. "రక్తపరీక్షలన్నీ చేస్తే ఇంత అవుతుంది. లక్షణాలను బట్టి మందు మొదలుపెట్టి మూడు రోజుల్లో చూస్తే ఇంత." ఆటో డ్రైవరు రెండోది ఎంచుకుంటాడు, కుక్క బతుకుతుంది. ఒక్క మొదటిదే చెబితే దాన్ని తిరిగి ఇంటికి తీసుకెళ్లి మూలన పడుకోబెడతాడు.

మన వాతావరణంలో రోజూ వచ్చే జబ్బులు కొన్నే, వాటిలో చేయి తిరిగితే చాలు. గోమార్ల జ్వరం ఒకటి: దాన్ని తెచ్చే ఎర్లికియా అనే క్రిమికి డాక్సీసైక్లిన్ మాత్రలు దాదాపు నాలుగు వారాలు వాడాలి, కానీ ఐదో రోజుకే కుక్క లేచి తింటుంది కాబట్టి మాత్రలు ఆపేస్తారు. వారానికి సరిపడా మాత్రలే ఇచ్చి, మళ్లీ రమ్మనండి. జననాంగాల మీద కాలీఫ్లవర్‌లా పెరిగే అంటు కణితి ఇంకొకటి. దానికి వారానికొకసారి విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు సూది, సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు. నరం దాటి బయటికి జారితే కండ కుళ్లుతుంది కాబట్టి ఆ సూది అనుభవజ్ఞులే వేయాలి. మందు పడ్డాక కొన్ని రోజులు ఆ కుక్క మలమూత్రాలు తొడుగులతోనే ఎత్తాలి.

పురుగులు పడ్డ పుండు దగ్గర కాసేపు ఆగుదాం, వానాకాలంలో మీ బల్ల మీద ఎక్కువగా కనిపించేది అదే. పైకి రూపాయి బిళ్లంత రంధ్రం, లోపల పిడికిలంత గుహ. ముందు నొప్పికి మందు, అవసరమైతే మత్తు. చుట్టూ వెంట్రుకలు వెడల్పుగా గొరిగేయాలి, పక్కన ఇంకో రంధ్రం దాక్కుని ఉంటుంది. టర్పెంటైన్ పోసి బయటికి రప్పించడం పాత అలవాటు. అది పచ్చి మాంసం మీద నిప్పులా మండుతుంది, వీలైనంతవరకు మానండి. సెలైన్‌తో ఒత్తిడిగా కడుగుతూ చిమటాతో ఒక్కొక్కటే తీయాలి, డాక్టరు పురుగులు చచ్చే మాత్ర కూడా ఇస్తారు. ఒక్క పూటలో అన్నీ రావు. మర్నాడు మళ్లీ కడిగితే మళ్లీ కొన్ని వస్తాయి. అది చూసి పనివాళ్లు నీరసపడతారు, ముందే చెప్పి ఉంచండి. చచ్చిన కండ తీసేశాక గులాబీ రంగు కొత్త కండ నింపుకొస్తుంటే కుట్టనక్కర్లేదు.

సంతాన నియంత్రణ ఆపరేషన్లకు వారంలో రోజులు ఖాయం చేయండి. ముందు రాత్రి నుంచి పెద్ద కుక్కకు తిండి ఉండకూడదు, లేత పిల్లల్ని మాత్రం అంతసేపు పస్తు పెట్టకూడదు. ప్రతి కుక్కకూ విడిగా ఆటోక్లేవ్ చేసిన, అంటే ఒత్తిడి ఆవిరిలో క్రిములు చంపిన, పరికరాల మూట కావాలి. ఒకే మూటను స్పిరిట్‌లో ముంచి పది కుక్కలకు వాడే చోట కుట్లు చీముపడతాయి. మత్తులో ఉండగానే చెవి అంచున గాటు పెట్టాలి, దూరం నుంచి చూసినా ఈ కుక్కకు అయిపోయిందని తెలియాలి. ఆపరేషన్ అయ్యాక కనీసం నాలుగు రోజులు ఉంచుకుని, కుట్టు ఆరాకే పట్టిన చోట వదలాలి. పాలిచ్చే తల్లిని పట్టకండి, పొదల్లో పిల్లలు ఆకలికి పోతాయి.

క్లినిక్‌కు వచ్చే ప్రతి మనిషికీ చెప్పాల్సినవి రెండు. పిల్లికి పారాసిటమాల్ ఒక్క మాత్ర కూడా ప్రాణం తీస్తుంది. కుక్కల గోమార్లకు వాడే పెర్మెత్రిన్ పౌడరు పిల్లికి చల్లకూడదు. ఈ రెండూ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

బయటికి దారి

రోజూ ఉదయం డాక్టరు, పనివాళ్లలో పెద్ద, దత్తతలు చూసేవాళ్లు కలిసి ప్రతి గది ముందు నిలబడాలి. ఒక్కో జంతువుకు ఒకే ప్రశ్న: ఇది ఇక్కడి నుంచి వెళ్లడానికి తర్వాత జరగాల్సింది ఏమిటి, ఎవరు చేస్తారు, ఏ రోజు? జవాబు బోర్డు మీద రాయాలి. "చూద్దాం" అనే జవాబు రాయనివ్వకండి.

దత్తత ఇచ్చేటప్పుడు అమ్మాయో అబ్బాయో ఉత్సాహంగా వస్తే సరిపోదు, ఇంట్లో తలుపు తీసే పెద్దావిడ ఒప్పుకున్నారో లేదో కనుక్కోండి. అద్దె ఇల్లయితే యజమాని మాట కూడా కావాలి. అలాగని పాతిక ప్రశ్నల దరఖాస్తు పెట్టి మంచివాళ్లను తరిమేయకండి. నల్ల కుక్కలు, నల్ల పిల్లులు ఆలస్యంగా వెళతాయి. కాలభైరవుడి వాహనమని దండం పెట్టే ఇంట్లోనూ నల్ల కుక్కను గేటు దాటనివ్వరు! వాటిని వెలుతురులో ఎర్ర పట్టీ కట్టి ఫోటో తీయండి. ఆపరేషన్ కాకుండా దేన్నీ ఇవ్వకండి, తిరిగి తెచ్చేస్తే నిష్ఠూరమాడకుండా తీసుకోండి.

వెళ్లనివి, బతకనివి

రోడ్డు ప్రమాదంలో నడుము విరిగిన కుక్క ప్రతి షెల్టర్‌లోనూ ఉంటుంది. చక్రాల బండి కట్టిన ఫోటోకు విరాళాలు బాగా వస్తాయి. ఫోటోలో కనిపించని పని ఇది: రోజుకు మూడు సార్లు పొట్ట నొక్కి మూత్రం తీయించాలి, పక్కలు మార్చాలి, పుండ్లు పడకుండా మెత్తటి పరుపు, మూత్రంలో చీముకు మందు. అది చేయగల చేతులు మీ దగ్గర ఎన్ని ఉన్నాయో అన్ని కుక్కల్నే శాశ్వతంగా ఉంచుకోగలరు. ఆ సంఖ్యను ముందే రాసుకోండి. రాత్రి పదకొండింటికి గేటు దగ్గర రక్తపు మడుగు చూస్తూ రాసుకునేది కాదు.

ప్రాణం తీయక తప్పని సందర్భాలు ఉంటాయి. నయం కాని జబ్బు, తట్టుకోలేని నొప్పి ఉన్నప్పుడు డాక్టరు నిర్ణయం రాతపూర్వకంగా ఉండాలి, కమిటీ నుంచి ఇంకొకరు చూసి సంతకం చేయాలి. నరానికి పెంటోబార్బిటాల్, అదీ మత్తు ఇచ్చాక. చోటు లేదు, డబ్బు లేదు, ఎవరూ దత్తత తీసుకోవడం లేదు అన్నవి కారణాల జాబితాలో ఉండకూడదు.

రేబిస్ విషయంలో ఒక జాగ్రత్త. మీద పడే కుక్కను అందరూ గుర్తుపడతారు. మౌనంగా ఉండే రకం ప్రమాదకరం: దవడ వేలాడుతుంది, చొంగ కారుతుంది, మింగలేదు. గొంతులో ఎముక ఇరుక్కుందని జాలిపడి నోట్లో చెయ్యి పెడతారు. దవడ జారిన కుక్కను ముందు విడిగా పెట్టి, డాక్టరును పిలవాలి. నోరు తెరవడం తర్వాత సంగతి. లోపల పనిచేసే ప్రతి మనిషీ చేరేటప్పుడే రేబిస్ ముందస్తు టీకాలు వేయించుకోవాలి, ఊడ్చే మనిషి సహా. కరిచినా గీరినా పదిహేను నిమిషాలు సబ్బునీటి ధార కింద కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ముందే టీకాలు ఉన్నవాళ్లకు ఆ రోజున ఒకటి, మూడో రోజున ఒకటి సరిపోతాయి.

డబ్బు

దాతలకు గది కట్టించడం ఇష్టం, గోడ మీద పేరు ఉంటుంది. జీతం మీద పేరు రాయలేం కాబట్టి దానికి ఎవరూ ఇవ్వరు. నెల ఖర్చులో సగానికి పైగా జీతాలే అవుతాయని మొదటి సమావేశంలోనే చెప్పండి. కనీసం మూడు నెలల జీతాలు బ్యాంకులో వేసుకున్నాకే మొదటి కుక్కను లోపలికి తీసుకోండి. అంత కూడకపోతే షెల్టర్ ఆలోచన మాని, అద్దె షట్టర్‌లో వారానికి రెండు రోజుల క్లినిక్ పెట్టండి.

విదేశాల్లోని తెలుగువాళ్లు ఉదారంగా ఇస్తారు, కానీ ఇక్కడ చట్టం మెలిక ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి విదేశీ పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే అవుతుంది. విదేశీ విరాళాల చట్టం కింద నమోదు, దానికోసం ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతా లేకుండా ఆ డబ్బు తీసుకోకూడదు. కాబట్టి డబ్బు పంపుతామన్న బంధువును ఖాతా నంబరు ఇచ్చే ముందే అడగండి: "అన్నయ్యా, నీది ఏ పాస్‌పోర్టు?"